ర్యామ్ ముందా, డిస్క్ ముందా? ఫోటో స్టూడియోల్లో పాత సిస్టమ్‌ల సంగతి

కొవ్వూరు లాంటి ఊళ్లో ఫోటో స్టూడియోకి కెమెరా మారినంత త్వరగా కంప్యూటర్ మారదు. కెమెరా పెళ్లివారి కళ్ల ముందు ఉంటుంది, వెనక గదిలో సిస్టమ్‌ని ఎవరూ చూడరు. పెట్టుబడి కూడా అదే వరసలో నడుస్తుంది. అందుకే 24 మెగాపిక్సెళ్ల కెమెరాతో తీసిన రా ఫైళ్లని పదేళ్ల కిందటి అసెంబుల్డ్ డెస్క్‌టాప్ మోయాల్సి వస్తోంది. మాఘ ఫాల్గుణాల్లో ముహూర్తాలు వరసగా పడేసరికి సిస్టమ్ హ్యాంగ్ అవుతుంది, ఆల్బమ్ ఆలస్యమవుతుంది, పెళ్లివారి ఫోన్లు మొదలవుతాయి.

అప్పుడు మెకానిక్‌ని పిలిస్తే వచ్చే సలహా రెండింటిలో ఒకటి. ర్యామ్ వేయించండి, లేదా ఎస్‌ఎస్‌డీ వేయించండి. రెండూ మంచి సలహాలే. అయితే ఏది ఏ ఇబ్బందికి పనికొస్తుంది, ఏ బోర్డు మీద ఎంతవరకు పనికొస్తుంది అన్నది చూడకుండా గోదావరి వంతెన దాటి రాజమండ్రి వెళ్లి పార్టులు కొనుక్కొచ్చేవాళ్లు చాలామంది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. డీడీఆర్3 ర్యామ్ కాలం నాటి సిస్టమ్ అయితే, అంటే సుమారుగా 2011 తర్వాతది అయితే, దాని మీద డబ్బు పెట్టడం దండగ కాదు. మొదట ఎస్‌ఎస్‌డీ, తర్వాత 16 జీబీ ర్యామ్. వాటితో పాటే తీసిన ఫోటోలు దాచే పెద్ద డిస్క్, దానికో నకలు. ఈ చివరిది లేకుండా చేసిన అప్‌గ్రేడ్ సగం పనే అని నా నమ్మకం.

ముందు ర్యామ్ సంగతి. మన వైపు పెళ్లి ఆల్బమ్‌లో ఎక్కువగా నడిచేది 12 బై 36 షీటు. అంగుళానికి 300 చుక్కల లెక్కన అది 3,600 బై 10,800 పిక్సెళ్లు, అంటే 3 కోట్ల 88 లక్షలు. మామూలు 8 బిట్ రంగుల్లో పిక్సెల్‌కి మూడు బైట్లు వేసుకుంటే ఒక్క లేయర్‌కే 110 ఎంబీ పైన. డిజైన్ టెంప్లేట్‌లో నేపథ్యం, పూలు, ఫ్రేములు, నీడలు, దాని మీద ఆరేడు ఫోటోలు ఉంటాయి. ఫోటోషాప్ వెనక్కి వెళ్లడానికి దాచుకునే హిస్టరీ అడుగులు వేరు. ఇక 24 మెగాపిక్సెళ్ల ఫోటో ఒకటి 8 బిట్‌లో తెరిస్తే 72 ఎంబీ, 16 బిట్‌లో తెరిస్తే దానికి రెట్టింపు. జేపెగ్ ఫైలు డిస్క్ మీద 8 ఎంబీయే కదా అనుకోవడానికి లేదు. ఆ కుదింపంతా తెరిచిన క్షణాన విప్పుకుంటుంది. ఇలా రెండు మూడు షీట్లు ఒకేసారి తెరిచి, పక్కన లైట్‌రూమ్ పెట్టి, బ్రౌజర్‌లో పాటలు వింటూ పనిచేస్తే 4 జీబీ సిస్టమ్ నిలబడదు, 8 జీబీ ఇరుకవుతుంది.

ర్యామ్ నిండగానే ఫోటోషాప్ ఆగిపోదు. అసలు చిక్కు అక్కడే. అది స్క్రాచ్ డిస్క్ అని పేరు పెట్టుకుని డిస్క్‌లో కొంత జాగా తీసుకుని, పట్టనిదంతా అక్కడ రాస్తుంది. విండోస్ కూడా తన పేజ్ ఫైలుతో అదే చేస్తుంది. ఆ డిస్క్ నిమిషానికి 7,200 చుట్లు తిరిగే పాత హార్డ్ డిస్క్ అయితే, కావలసిన చోటికి చేతిని జరిపి, పళ్లెం తిరిగి ఆ చోటు చేతి కిందికి వచ్చేదాకా ఆగాలి. ఒక్కో వెతుకులాటకి 10 మిల్లీసెకన్ల పైమాటే. సెకనుకి నూరు చిన్న చిన్న పనులు కూడా కష్టం. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీకి అదే వెతుకులాట మిల్లీసెకనులో పదో వంతు. పెద్ద ఫైలు ఒకదాన్ని వరసగా చదివేటప్పుడు తేడా మూడు నాలుగు రెట్లే కనిపిస్తుంది. చిన్న ముక్కలు చెల్లాచెదురుగా చదివేటప్పుడు వందల రెట్లు అవుతుంది. విండోస్ లేవడం, ఫోటోషాప్ తెరుచుకోవడం, ఫోల్డర్‌లో బొమ్మలు కనిపించడం, లైట్‌రూమ్ కేటలాగ్ కదలడం అన్నీ రెండో రకం పనులే. ఎస్‌ఎస్‌డీ వేసిన రోజున "కొత్త సిస్టమ్ కొన్నట్టుంది" అని అందరూ అనడానికి కారణం ఇది.

అయితే ఎస్‌ఎస్‌డీ వచ్చాక ర్యామ్ అవసరం తీరిపోయిందనుకోకూడదు. పాత డీడీఆర్3 ర్యామ్ కూడా 1600 వేగంలో ఒక్క చానెల్‌కే సెకనుకి 12.8 జీబీ అందిస్తుంది. సాటా ఎస్‌ఎస్‌డీ సగం జీబీ దగ్గర ఆగుతుంది. ర్యామ్ కొరతని ఎస్‌ఎస్‌డీ భరించేటట్టు చేస్తుంది, తీర్చదు.

తన సిస్టమ్‌కి ఏది తక్కువైందో తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేదు. పని జోరుగా ఉన్నప్పుడు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవాలి. మెమరీ సగంలోనే ఉండి డిస్క్ నూరు శాతం దగ్గర కొట్టుకుంటుంటే దోషం డిస్క్‌ది. మెమరీ తొంభై దాటి, డిస్క్ కూడా నూరుకి చేరితే ర్యామ్ చాలక డిస్క్ మీద పడుతోందని అర్థం. రెండూ ఖాళీగా ఉండి ప్రాసెసర్ ఒక్కటే నూరు శాతంలో ఉంటే ఈ వ్యాసంలో చెప్పే ఏ పార్టూ దానికి సాయం చేయదు. ఫోటోషాప్‌లోనే ఇంకో చిన్న సదుపాయం ఉంది. కిటికీ అడుగున ఎడమవైపు బాణం నొక్కి ఎఫిషియెన్సీ ఎంచుకుంటే ఒక శాతం కనిపిస్తుంది. అది నూరులో ఉంటే ర్యామ్ సరిపోతోంది. తరచూ తగ్గుతుంటే స్క్రాచ్ డిస్క్ వాడకం మొదలైందన్నమాట. ఇది చూసే అలవాటు మన డిజైనర్లలో ఇంకా రావాలి.

ఇక బోర్డులు. మన ఊళ్లలో అసెంబుల్డ్ సిస్టమ్‌లు కొన్ని వరసల్లోనే వచ్చాయి కనుక లెక్క తేలిక. కోర్ 2 డ్యూయో కాలపు జీ31 బోర్డులో డీడీఆర్2 ర్యామ్, గరిష్ఠం 4 జీబీ. జీ41 అయితే 8 జీబీ దాకా వెళ్తుంది. ఈ రెండింటి మీదా ఖర్చు పెట్టవద్దనే చెబుతాను. పాస్‌పోర్టు ఫోటోలు, జెరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తుల వరకు వాడుకుంటే ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ చాలు. 2011లో వచ్చిన హెచ్61 బోర్డు మన స్టూడియోలకి బాగా తెలిసిన రకం. ఇంటెల్ రెండో, మూడో తరం ఐ3, ఐ5 దాని మీద కూర్చుంటాయి. రెండే ర్యామ్ స్లాట్లు, గరిష్ఠం 16 జీబీ. దాని సాటా పోర్టులన్నీ పాత 3 గిగాబిట్లవి, కాబట్టి ఎస్‌ఎస్‌డీ డబ్బా మీద 550 అని రాసి ఉన్నా సెకనుకి 280 ఎంబీ దాటదు. అంతమాత్రాన వెనకాడనక్కరలేదు. వెతుకులాట వేగం ఆ పోర్టులోనూ దక్కుతుంది, రోజువారీ పనిలో తెలిసేది ఆ వేగమే. నాలుగో తరానికి వచ్చిన హెచ్81లో రెండు పోర్టులు 6 గిగాబిట్లవి, రెండు పాతవి. ఎస్‌ఎస్‌డీ తీగని వేగమైన పోర్టుకే గుచ్చారా అని అడిగి చూడాలి. మెకానిక్‌లు దగ్గరున్న పోర్టుకి పెట్టేసి వెళ్లడం మామూలే. హెచ్110 నుంచి డీడీఆర్4 వచ్చింది, 32 జీబీ దాకా దారి తెరుచుకుంది.

ర్యామ్ తరాలు ఒకదానిలో ఒకటి పట్టవు, గాడి చోటు వేరు. డీడీఆర్3కి 1.5 వోల్టులు, డీడీఆర్4కి 1.2. ఏ బోర్డు, ఏ ర్యామ్, ఎన్ని స్లాట్లు అన్నది సీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ క్యాబినెట్ విప్పకుండానే చెప్పేస్తుంది. దాన్ని ఫోన్‌లో ఫోటో తీసుకుని కొట్టుకి వెళ్తే సగం గందరగోళం తప్పుతుంది. రెండు స్లాట్లలో సమానమైన రెండు స్టిక్‌లు వేస్తే డ్యూయల్ చానెల్ కుదురుతుంది. కాబట్టి ఉన్న 4 జీబీ పక్కన 8 వేసి 12 చేసుకోవడం కన్నా రెండు 8లు వేయడం మేలు.

సెకండ్ హ్యాండ్ డీడీఆర్3 కొనేటప్పుడు ఒక మోసపు చోటుంది. ఏఎండీ బోర్డుల్లో మాత్రమే పనిచేసే 8 జీబీ స్టిక్‌లు చవగ్గా దొరుకుతాయి, ఇంటెల్ బోర్డులో పెడితే సిస్టమ్ లేవదు. సర్వర్ల నుంచి పీకిన రిజిస్టర్డ్ ర్యామ్‌ది కూడా ఇదే కథ, పైపైన చూస్తే తేడా తెలియదు. రాజమండ్రిలో కొన్నా, సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ నుంచి తెప్పించినా, పనిచేయకపోతే వెనక్కి తీసుకుంటామనే మాట బిల్లు మీద రాయించుకోవాలి.

పాత వెర్షన్ల గురించి కాస్త ఆగి చెప్పాలి. మన డిజైనర్లలో చాలామంది ఇప్పటికీ ఫోటోషాప్ 7, సీఎస్3 లాంటివి వదలరు. వాళ్లని వెనకబడ్డవాళ్లని అనడం అన్యాయం. ఏళ్ల తరబడి పోగేసుకున్న యాక్షన్లు, టెంప్లేట్లు అందులో ఉన్నాయి. ముఖ్యంగా ఆల్బమ్ మీద వధూవరుల పేర్లు, పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు అన్నిటికీ తెలుగు అక్షరాలు అను ఫాంట్లలోనే చేతికి అలవాటయ్యాయి. ఆ అమరిక కదిలితే చెయ్యి ఆగిపోతుంది. కానీ ఒక నిజం తెలిసి ఉండాలి. విండోస్ మీద ఫోటోషాప్‌కి 64 బిట్ రూపం 2008లో సీఎస్4తో వచ్చింది. అంతకు ముందువి 32 బిట్ ప్రోగ్రామ్‌లు, ఎంత ర్యామ్ వేసినా ఒక్కోదానికి 4 జీబీ దాటి అందదు. విండోస్ కూడా 32 బిట్ అయితే మొత్తం సిస్టమ్‌కే ఆ హద్దు, అందులో చేతికొచ్చేది మూడుంపావు, మూడున్నర. 16 జీబీ వేయించి "ఏం తేడా లేదు" అని నిట్టూర్చేవాళ్ల సిస్టమ్‌లో మొదట చూడాల్సింది ఇదే. సీఎస్3ని వదలనివాళ్లకి ర్యామ్ 8 దగ్గర ఆపి, మిగిలిన డబ్బుతో పెద్ద ఎస్‌ఎస్‌డీ తీసుకోమంటాను.

అను ఫాంట్లు, యాక్షన్లు పోతాయన్న భయంతోనే కొందరు డిస్క్ మార్చడానికి ఒప్పుకోరు. ఫార్మాట్ కొట్టించాల్సిన పనిలేదు. పాత డిస్క్‌లోని సి డ్రైవ్‌ని ఉన్నదున్నట్టు ఎస్‌ఎస్‌డీలోకి క్లోన్ చేయవచ్చు, అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. అయితే వైరస్‌తో కునారిల్లుతున్న విండోస్‌ని క్లోన్ చేస్తే ఆ రోగం కూడా వెంట వస్తుంది. ఊళ్లో అందరి పెన్‌డ్రైవ్‌లూ గుచ్చే స్టూడియో సిస్టమ్‌లో అది చిన్న విషయం కాదు. అలాంటప్పుడు కొత్తగా ఇన్‌స్టాల్ చేసుకుని, పాత డిస్క్‌ని కొన్ని నెలలు అలాగే ఉంచి ఒక్కొక్కటే తెచ్చుకోవడం మంచిది.

ఎస్‌ఎస్‌డీల్లో అన్నీ ఒకటి కావు. చవకరకం క్యూఎల్‌సీ డ్రైవ్‌లు మొదట కొన్ని జీబీల దాకా జోరుగా రాసి, లోపలి క్యాష్ నిండగానే హార్డ్ డిస్క్ కన్నా కిందికి పడిపోతాయి. పెళ్లికి మూడు వేల రా ఫైళ్లు, ఒక్కోటి 25 ఎంబీ అనుకుంటే 75 జీబీ. సరిగ్గా ఆ నిండే చోటే ఇది దెబ్బ తీస్తుంది. టీఎల్‌సీ రకం, పేరున్న కంపెనీది తీసుకోవాలి. ఎక్కువ రాస్తే అరిగిపోతుందన్న భయం అతిగా ఉంది. శాంసంగ్ 870 ఈవో 500 జీబీ డ్రైవ్‌కి కంపెనీ ఇచ్చే హామీ 300 టెరాబైట్ల రాత. రోజుకి 100 జీబీ రాసినా ఎనిమిదేళ్లు పడుతుంది. నిండా నింపకుండా ఐదో వంతు ఖాళీ ఉంచితే వేగం, ఆయుష్షు రెండూ నిలుస్తాయి. బోర్డులో ఎం.2 స్లాట్ లేని పాత సిస్టమ్‌కి ఎన్‌వీఎంఈ డ్రైవ్ కోసం అడాప్టర్ కార్డులు అమ్ముతారు. ఆ బోర్డుల బయాస్ చాలావాటిలో ఎన్‌వీఎంఈ నుంచి బూట్ కాదు, ఆ దారి వద్దు.

ధరల మాటకొస్తే, ఈ సరుకు ఖరీదు మన చేతిలో గానీ, కొట్టువాడి చేతిలో గానీ లేదు. 2011లో థాయ్‌లాండ్ వరదల్లో వెస్టర్న్ డిజిటల్ ఫ్యాక్టరీ మునిగితే ప్రపంచమంతటా హార్డ్ డిస్క్‌లు భగ్గుమన్నాయి. 2025 రెండో సగంలో ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పుల్ని ఎగరేసుకుపోవడంతో ర్యామ్ ధరలు అలాగే లేచాయి. క్రూషియల్ పేరుతో మామూలు కొనుగోలుదారులకి ర్యామ్, ఎస్‌ఎస్‌డీలు అమ్మిన మైక్రాన్ సంస్థ ఆ వ్యాపారం నుంచి తప్పుకుంటున్నట్టు 2025 డిసెంబరులో ప్రకటించింది. కొత్త సిస్టమ్ కొనడం బరువైన ఇలాంటి కాలంలో, సెకండ్ హ్యాండ్ డీడీఆర్3తో పాత సిస్టమ్‌ని నిలబెట్టుకోవాలన్న ఆలోచనకి బలం పెరిగింది.

దీనికి ఎదురుగా నిలిచే వాదం విండోస్‌ది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ ఎనిమిదో తరం నుంచే ఎక్కుతుంది, టీపీఎం 2.0 చిప్ ఉండాలి. హెచ్61, హెచ్81 సిస్టమ్‌లు ఆ గీతకి ఇవతలే ఆగిపోతాయి. ఇంటర్నెట్‌లో బ్యాంకు లావాదేవీలు, జీఎస్టీ పనులు కూడా అదే సిస్టమ్‌లో చేసేవాళ్లకి ఇది గట్టి అభ్యంతరం. కేవలం ఎడిటింగ్‌కి వాడే సిస్టమ్‌ని నెట్ నుంచి వేరు చేసి, బయటి పెన్‌డ్రైవ్‌లని ఇంకో సిస్టమ్‌లో స్కాన్ చేశాకే తెచ్చుకుంటే ఇంకొన్నేళ్లు నడుస్తుంది. అలాగే లైట్‌రూమ్‌లో 2023 నుంచి వచ్చిన ఏఐ డీనాయిస్ లాంటివి గ్రాఫిక్స్ కార్డు బలం మీద ఆధారపడ్డవి. రాత్రి రిసెప్షన్ ఫోటోలకి రోజూ అవే కావాలంటే ఎంత ర్యామ్ వేసినా పాత ఐ3 గట్టెక్కించదు, అప్పుడు కొత్తదే కొనాలి.

బిగింపు పని గురించి కొద్దిగా. ఆషాఢంలో పెళ్లిళ్లు ఉండవు కనుక అప్పుడే పెట్టుకోవాలి. ముహూర్తాల మధ్యలో క్యాబినెట్ విప్పకూడదు. గోదావరి ఒడ్డు తేమకి ర్యామ్ అంచులు మాసిపోయి, సిస్టమ్ లేవకుండా బీప్‌మంటూ ఉండటం మన వైపు తరచూ చూసేదే. స్టిక్ తీసి మెత్తటి రబ్బరుతో తుడిచి పెడితే చాలాసార్లు లేస్తుంది. ముందు ప్లగ్ పీకాలి, క్యాబినెట్ ఇనుప భాగాన్ని చేత్తో ముట్టుకుని ఒంట్లోని స్థిర విద్యుత్తు వదిలించుకోవాలి. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ తాగే కరెంటు తక్కువ, వాటి కోసం ఎస్‌ఎంపీఎస్ మార్చాల్సిన అవసరం రాదు. యూపీఎస్ బ్యాటరీ మాత్రం చూసుకోవాలి. సేవ్ అవుతుండగా కరెంటు పోతే పీఎస్‌డీ ఫైలు పాడవడానికి ఎస్‌ఎస్‌డీ, హార్డ్ డిస్క్ అన్న తేడా లేదు.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది దాచడం. స్టూడియో సిస్టమ్‌లో ఉన్నవి వ్యాపారపు ఫైళ్లు మాత్రమే కావు. పెళ్లినాడు పక్కన నిలబడ్డ తాతగారు ఆ తర్వాత లేకపోవచ్చు. ఆయన చివరి మంచి ఫోటో ఆ డిస్క్‌లోనే ఉంటుంది. ఆల్బమ్‌లోకి ఎక్కనివి మరీ ఎక్కువ. లక్షల సంఖ్యలో డిస్క్‌లు నడిపే బ్యాక్‌బ్లేజ్ సంస్థ ప్రకటించే లెక్కల్లో ఏటా నూటికి ఒకటి, ఒకటిన్నర డిస్క్‌లు పోతున్నాయి. అవి చల్లటి గదుల్లో, నికరమైన కరెంటు మీద నడిచేవి. దుమ్ము, వేడి, వోల్టేజి ఊగిసలాట ఉన్న మన గదుల్లో అంతకన్నా మెరుగ్గా ఉంటాయని ఆశించలేం. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రామ్‌లో రీఅలొకేటెడ్ సెక్టార్ల సంఖ్య పెరుగుతుంటే ఆ డిస్క్‌ని నమ్మకూడదు.

అమెరికన్ ఫోటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఫోటోగ్రాఫర్లందరికీ పనికొస్తుంది. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే చోట. కొవ్వూరుకి దీన్ని కనీసం రెండు ప్రతులతోనైనా ఇలా కుదుర్చుకోవచ్చు. పని జరుగుతున్న పెళ్లి ఎస్‌ఎస్‌డీలో, పూర్తయినవి సిస్టమ్‌లోని పెద్ద హార్డ్ డిస్క్‌లో, వాటి నకలు బయటి డిస్క్‌లో. ఆ బయటి డిస్క్ స్టూడియో అల్మారాలో కాకుండా ఇంట్లోనో, అవతలి ఒడ్డున రాజమండ్రిలో బంధువుల దగ్గరో ఉండాలి. 1986 ఆగస్టు వరద చూసిన ప్రాంతం ఇది, కింది అంతస్తులో ఉన్న ఒక్క గది మీద అన్నీ పెట్టడం తగదు. పాత బయాస్‌లో, ఎంబీఆర్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్క్ 2 టీబీ దాటి కనిపించదు. అంతకన్నా పెద్దది కొంటే జీపీటీగా మార్చుకోవాలి. ఎస్‌ఎస్‌డీని మాత్రం దాచే డిస్క్‌గా వాడకూడదు. కరెంటు లేకుండా బీరువాలో ఏళ్ల తరబడి ఉంచితే అందులోని విద్యుదావేశం మెల్లగా జారిపోతుంది. బాగా అరిగిన ఎస్‌ఎస్‌డీ 30 డిగ్రీల దగ్గర ఏడాది నిలవాలన్నదే పరిశ్రమ పెట్టుకున్న ప్రమాణం. మన వేసవిలో బీరువా లోపల 30 దగ్గర ఆగదు.

2015 జూలై 14 నుంచి 25 దాకా జరిగిన గోదావరి పుష్కరాల్లో గోష్పాద క్షేత్రం దగ్గర తీసిన ఫోటోలు ఈ పట్టణం స్టూడియోల్లో ఎన్నో ఉంటాయి. 2027లో మళ్లీ పుష్కరాలు. ఆ 2015 డిస్క్‌లకి ఇప్పుడు పదేళ్లు దాటాయి, చాలావాటికి రెండో ప్రతి లేదు. సిస్టమ్ విప్పి ఎస్‌ఎస్‌డీ బిగించే రోజునే వాటిని ఒక్కొక్కటే తగిలించి, అన్నిటికన్నా పాతదానితో మొదలుపెట్టి, కొత్త డిస్క్‌లోకి తీసుకోవాలి. చదవడానికి మొరాయించే డిస్క్ తగిలితే దానికి ఫార్మాట్ గానీ, విండోస్ అడిగే రిపేర్ స్కాన్ గానీ ఒప్పుకోకూడదు. వచ్చినంత మేర ఫోటోలు బయటికి తీశాకే మిగతా ప్రయత్నాలు. టకటకమని చప్పుడు చేస్తుంటే వెంటనే ఆపి, డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికి అలాగే తీసుకెళ్లాలి.